చోటు చెప్పినవాడికి తల

కాలువ లాకు దగ్గర నా ఉద్యోగం నీళ్ళు నింపడం, నీళ్ళు వదలడం. ఏలూరు వైపు నుంచి వచ్చిన పడవ లాకులోకి దూరాక వెనక తలుపులు మూసి, నీళ్ళు మట్టానికి వచ్చేదాకా ఆపాలి. ఆ కాసేపూ పడవలో కూర్చున్నవాళ్ళకు ఏమీ తోచదు. గట్టు మీద నిలబడ్డ నాకూ తోచదు. అంచేత కొల్లేటి వాలుగ కథలు చెబుతాను.

మా తాత ఒక వాలుగను పట్టి గట్టున పడేస్తే, తల ఒక కరణం గారి ఊళ్ళోనూ తోక ఇంకో కరణం గారి ఊళ్ళోనూ పడిందనీ, ఆ చేప ఎవరి లెక్కలోకి వస్తుందో తేలక కరణాలిద్దరూ తగువులాడుకుంటూ ఉండగా నడిమి భాగం మా ఊరు తినేసిందనీ చెబుతాను. బాతును మింగిన వాలుగను కూర వండితే, మూత తీసినప్పుడల్లా కుండలోంచి బాతు అరిచిందంటాను. కల్లు రుచి మరిగిన వాలుగ ఒకటి తొలకరి వానలో తాటిచెట్టు ఎగబాకిందనీ, లొట్టిలో ఇరుక్కున్న దాని మూతిని తీయడానికి కల్లుగీసేవాణ్ణి పిలవాల్సి వచ్చిందనీ అంటాను. నవ్వుతారు. చేతిలో రెండు వక్కలు పెడతారు. వాళ్ళలో ఎవరో ఒకడు, కాస్త గడుసువాడు, "కోతలకేంగానీ, నిజంగా వాలుగ ఎక్కడ దొరుకుతుందండి?" అని అడుగుతాడు. ఆ మాటకు మాత్రం నేను జవాబు చెప్పను. నీళ్ళు మట్టానికి రాకపోయినా తలుపుల దగ్గరికి వెళ్ళి నిలబడతాను.

నేను పుట్టింది కొల్లేటి నడుమ లంకలో. చేపలు పట్టే ఇళ్ళు తప్ప మరో ఇల్లు లేని లంక అది. వానాకాలంలో వాకిట్లోంచే దోనె ఎక్కుతాం. తాటిమానును నిలువునా చీల్చి తొలిచినదే దోనె. అందులో కూర్చోవడం నేర్చుకున్నాకే మా ఊళ్ళో పిల్లలు నడక నేర్చుకుంటారు. ఇది కోత కాదు.

వాలుగ అంటే తెలియనివాళ్ళకు చెబుతాను. పొలుసుండదు. మనిషి చెయ్యంత చేప దగ్గర్నుంచి మనిషంత చేప దాకా ఉంటుంది. నోరు చెంపలు దాటి చీలి ఉంటుంది. నోటి పక్కన రెండు పొడుగాటి మీసాలు. చిన్న కళ్ళు, పెద్ద ఆకలి. మిగతా చేపలు మందలుగా దొరుకుతాయి, వల ఎక్కడ వేసినా ఏదో ఒకటి పడుతుంది. వాలుగ అలా కాదు. అది ఎక్కడుందో తెలిసి వెళ్ళాలి. అందుకే మా లంకలో ఒక ఆచారం ఉండేది. వాలుగ పడితే దాన్ని ఎవరు పట్టారని ఎవరూ అడగరు, చోటు ఎవరు చెప్పారని అడుగుతారు. తల చోటు చెప్పినవాడికి పోతుంది. వలవేసినవాడు, గెడవేసినవాడు, దోనె సొంతదారు మిగతా ముక్కలు పంచుకుంటారు. పెళ్ళి విందులోనైనా సరే, పెళ్ళికొడుకు విస్తట్లో ఏ ముక్క పడ్డా తల మాత్రం చోటు చెప్పినవాడి విస్తట్లోనే పడాలి.

నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మా ఇంట్లో తలలన్నీ మా బావ విస్తట్లోనే పడ్డాయి. బావ అంటే మా అక్క మొగుడు. అమ్మా నాన్నా పోయాక నన్ను పెంచింది వాళ్ళిద్దరే. బావకు మాటలు తక్కువ. చిన్నప్పుడు పాదిరీ గారి బడికి నన్ను దోనె మీద దించి రావడం ఆయన పని. దారి పొడుగునా నేనే మాట్లాడేవాణ్ణి. ఆయన గెడ వేస్తూ నీళ్ళ వంక చూసేవాడు. వాలుగ తల తినేటప్పుడు మాత్రం ఆయన మొహం చూడాలి. దవడ ఎముకలు ఒక్కొక్కటీ విడదీసి, చప్పరించి, వరసగా విస్తరి అంచున పేర్చేవాడు. నాకెప్పుడూ తోక. "నాలుకున్నవాడికి తోక చాలు," అనేది అక్క నవ్వుతూ.

ఏ కాలంలో వాలుగ ఎక్కడుంటుందో బావకు తెలిసినట్టు కొల్లేటి చుట్టుపక్కల మరెవరికీ తెలియదు. మృగశిర కార్తెలో తమ్మిలేరు, బుడమేరు ఎర్రనీళ్ళు తెచ్చి కొల్లేట్లో పోస్తాయి. ఎర్రనీళ్ళు, నల్లనీళ్ళు కలిసే చోట గీత గీసినట్టు ఉంటుంది. అందరూ ఎర్రనీళ్ళలోకి పోయి వల వేసేవాళ్ళు. బావ గీతకు ఇవతల, నల్లనీళ్ళలోనే దోనె ఆపేవాడు. వాలుగ నల్లనీళ్ళలో ఒళ్ళుంచి, మూతి మాత్రం ఎర్రనీళ్ళలో పెట్టి నిలబడుతుందిట, గుమ్మంలో నిలబడి వీధిలోకి చూసే ముసలమ్మలాగా. భాద్రపదానికి నీళ్ళు కనుచూపు మేర పరుచుకుంటాయి. అప్పుడు వెతకడం పిచ్చి పని అనేవాడు. చిన్న పరిగె చేపలు నీళ్ళపైకి ఎగిరినప్పుడు అన్నీ ఒకే వైపుకు ఎగిరితే ఆ కింద వాలుగ ఉన్నట్టు, తలో వైపుకూ ఎగిరితే ఉత్తి ఆట. కార్తీకం దాటాక నీళ్ళు తేటబడతాయి, చలి దిగుతుంది. కిక్కిస గడ్డి దుబ్బులకు తూర్పు పక్కన, పొద్దెక్కాక ఎండ ముందుగా తగిలే చోట అది ఒళ్ళు కాచుకుంటుంది. గూడబాతులు గుంపుగా వాలిన చోట వల వేయడం అందరికీ తెలిసిన విద్యే. బావ మాత్రం గూడబాతులు వాలి, ముక్కు ముంచకుండానే లేచిపోయిన చోటు చూసేవాడు. అక్కడి చిన్నచేపల్ని అప్పటికే ఎవరో తినేశారన్నమాట. ఆ ఎవరో ఎవరో ఆయనకు తెలుసు.

ఇవన్నీ ఒక ఎత్తు. వేసవి ఒక్కటీ ఒక ఎత్తు.

వేసవిలో కొల్లేరు ముడుచుకుపోతుంది. నడిచి వెళ్ళగలిగినంత మేర బురద, ఆ బురద మీద పగుళ్ళు. చేపలు చాలామటుకు ఉప్పుటేరు వైపు జారిపోతాయి, లేదా పిట్టల పాలవుతాయి. మా లంకలో తిండికి కరువొచ్చేది ఆ రోజుల్లోనే. అప్పుడు మమ్మల్ని బతికించేది ఏనుగుగుంట. ఏ కాలంలోనో ఏ రాజుగారి ఏనుగో నీళ్ళు తాగడానికి దిగి మళ్ళీ పైకి రాలేదట. ఏనుగు సంగతి నాకు తెలియదు గానీ గుంట మాత్రం ఉంది. చుట్టూ కిక్కిస, పైన తూటికాడ చాపలా అల్లుకుని ఉండేది. పక్కనుంచి దోనె వెళ్ళినా అక్కడ నీళ్ళున్నాయని తెలిసేది కాదు. కొల్లేట్లో మిగిలిన వాలుగలన్నీ ఎండాకాలం అందులోనే తలదాచుకునేవి. శివరాత్రి వెళ్ళాక మా లంకలో ఇంటికో వంతు. వంతు వచ్చినవాళ్ళు ఒక మావు, అంటే వెదురు బుట్ట, దింపి పడినదాంతో ఇల్లు గడుపుకోవాలి. గుడ్డుతో ఉన్నది పడితే వదిలెయ్యాలి. గుంటకు ఎవరూ నేరుగా వెళ్ళకూడదు, చుట్టూ తిరిగి వెళ్ళాలి. చోటు బయటి మనిషికి చెప్పకూడదు. ఈ చివరిదానికి మా లంకలో ప్రమాణం కూడా లేదు, అవసరం ఉంటుందని ఎవరూ అనుకోకపోబట్టి.

ఆ ఏడాది కొల్లేటి చేపల మీద వేలం పెట్టారు. అంతకుముందు కూడా ఏవో పాటలు జరిగేవి గానీ, పాట పాడుకున్నవాళ్ళు చేపలెక్కడుంటాయో తెలియక గట్టు వెంబడి తిరిగి, ఎండకు నల్లబడి పోయేవాళ్ళు. ఈసారి పాడుకున్నది బియ్యం వ్యాపారం చేసే షావుకారు. కాలువలు తవ్వాక లాభం పొందినవాడు. ఇతను గట్టున తిరిగే రకం కాదు. బారుగా అల్లించిన వెదురు తడికలు పడవల నిండా తెచ్చాడు. చేపలు ఎక్కడ చేరతాయో కనుక్కుని, ఆ చోటు చుట్టూ తడికలు దింపేస్తే చాలు, ఆ పైన అది చెరువులో చేప కాదు, గంపలో చేప. తనను కొల్లేరంతా తిప్పి చూపించడానికి తెలిసినవాళ్ళు కావాలని మా లంకకు కబురు పంపాడు.

పెద్దలు కూర్చున్నారు. వెళ్ళనంటే కుదరదు. వెళ్ళేవాడు ఏ చోటూ నిజం చెప్పకూడదు, అబద్ధమని తెలియనివ్వకూడదు. ఈ పని ఎవరు చేయగలరంటే అందరి చూపులూ నా మీదకే తిరిగాయి. నా జన్మలో నన్ను పనికొచ్చేవాడిగా చూడ్డం అదే మొదలు. "అన్నం తినడం నేర్చినప్పటి నుంచీ అబద్ధాలాడుతున్నావు, ఇవాళ ఊరి కోసం ఆడు," అన్నాడు కులపెద్ద. గెడ వేయడానికి బావ రావాలన్నారు, ఎందుకంటే ఆయన ఎటూ మాట్లాడడు.

బయల్దేరే ముందు దోనె పక్కన బావ ఒక మాట అన్నాడు. అప్పుడు నవ్వుకున్నాను.

"కోతలు ఎంత పొడుగైనా కొయ్యి బామ్మర్దీ. చోటు దగ్గర మాత్రం వంకర మాట్లాడకు. నాకు చిరాకు."

"చోటు దగ్గర వంకర మాట్లాడ్డానికే కదా పోయేది బావా," అన్నాను.

రెండు దోనెలు జతచేసి కట్టి, పైన బల్ల పరిచి, బల్ల మీద చాప వేశాం. షావుకారు చాప మీద, గొడుగు పట్టుకుని గుమాస్తా ఆయన వెనక, నేను ముందు, బావ చివర గెడ పట్టుకుని. మాఘమాసం పొద్దు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి.

నేను మొదలుపెట్టాను. ముందు ఇద్దరు కరణాల కథ చెప్పాను. షావుకారు కడుపు పట్టుకుని నవ్వాడు. వెనక బావా నవ్వాడు. బాతు అరిచిందన్నాను, ఇద్దరూ నవ్వారు. సరేనని మెల్లగా అసలు పనిలోకి దిగాను. తొలకరిలో వాలుగ ఎర్రనీళ్ళు తోసుకుంటూ వాగు పైదాకా పోతుందన్నాను. వెనకనుంచి గెడ నీళ్ళను కొట్టిన చప్పుడు వినిపించింది. చలికాలంలో కిక్కిసకు పడమటి నీడలో ఉంటుందన్నాను. "తూర్పు," అన్నాడు బావ, తనలో తను అనుకున్నట్టు. నేను దగ్గాను. గూడబాతులు ఎక్కడ గుమిగూడితే అక్కడే అన్నాను. దోనె ఒక్క ఊపు ఊగి, గుమాస్తా చేతిలో గొడుగు పక్కకు ఒరిగింది.

అప్పుడు అర్థమైంది నాకు. పెద్ద అబద్ధాలకు ఆయన నవ్వేవాడు, ఎందుకంటే అవి ఎవరూ నమ్మరు. నమ్మదగిన చిన్న అబద్ధాన్ని ఓర్చుకోలేకపోయాడు. వాలుగ పడమటి నీడలో ఉందని ఒక మనిషి నమ్మి ఇంటికి పోతున్నాడంటే, ఆయనకు కంట్లో నలుసు పడ్డట్టుంది. ఊరు సంగతి ఆయనకు తెలియదని కాదు. తెలుసు. ఆ నలుసు ముందు ఊరు చిన్నదైపోయింది.

వెనక్కి తిరిగి కళ్ళతో బతిమాలాను. ఆయన నీళ్ళ వంక చూస్తున్నాడు.

షావుకారు అడగాల్సింది అడిగాడు. "మరి ఎండాకాలం ఎక్కడికి పోతుందయ్యా? నాకు కావాల్సింది అదే."

"సముద్రానికండి," అన్నాను. "ఉప్పుటేరు పట్టుకుని దిగిపోతుందండి. ఎండలన్నాళ్ళూ అక్కడ చల్లగా ఉండి, తొలకరికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలాగా మళ్ళీ వస్తుందండి."

గుమాస్తా తల ఊపాడు. అవతలి లంకవాళ్ళు కూడా ఈ మాటే చెప్పారన్నాడు. చెప్పరా మరి. కొల్లేటి ఒడ్డున ఏ ఊరివాడైనా పరాయివాడికి మొదట చెప్పే అబద్ధం అదే. రెండు నోళ్ళు ఒకే మాట చెప్పేసరికి షావుకారు నమ్మేశాడు. తడికలన్నీ ఉప్పుటేరు మొగ దగ్గర దింపిస్తానన్నాడు. గెలిచాం అనుకున్నాను. తిరిగి వెళ్ళి ఊళ్ళో ఎలా చెప్పాలో వాక్యాలు కూడా కూర్చుకుంటున్నాను.

"ఉప్పు తగిలితే వాలుగ పూట బతకదండి," అన్నాడు బావ.

దోనె ఆగిపోయింది. నేను నవ్వేసి, మా బావకు ఎండ తగిలిందండి, మాటలు సరిగా రావు, అని ఏదో అన్నాను. షావుకారు నా మాట వినలేదు. చాప మీద పక్కకు జరిగాడు. పక్కన చోటు చేత్తో తట్టి చూపించాడు.

"మీరిలా వచ్చి కూర్చోండి. మీరు చెప్పండి."

బావను ఊళ్ళో ఎవరైనా మర్యాదగా పిలిచారేమో గానీ, పట్టుపంచె కట్టినవాడు తన చాప మీద చోటివ్వడం ఆయన ఎరగడు. అయినా ఆ చాప కోసమే చెప్పాడంటే నేను ఒప్పుకోను. చాప లేకపోయినా చెప్పేవాడే. గెడ నా చేతిలో పెట్టి వెళ్ళి కూర్చున్నాడు. మొలకచ్చ తడి చాపకు తగలకుండా ఒక్క అంచున కూర్చున్నాడు. ఎటు పోవాలో నాకు చెప్పాడు. నేను కావాలని దోనెను తూటికాడలోకి దూర్చాను. ఒకసారి కాదు, పదే పదే ఇరికించాను. చివరికి ఆయన లేచి వచ్చి, "నీకు చేతకాదురా," అని గెడ లాక్కుని, చుట్టూ తిరగకుండా, నేరుగా ఏనుగుగుంటకు తీసుకుపోయాడు.

అక్కడ తూటికాడ పక్కకు నెట్టి గెడ దింపాడు. గెడ దిగుతూనే ఉంది. చెయ్యి నీళ్ళలో మునిగేదాకా దిగింది. పైకి లాగి, కొసకు అంటిన బురదను తన చెంపకు ఆనించుకున్నాడు, ఎప్పుడూ చేసేలాగే. తరవాత గెడ కొసను షావుకారు వైపు వంచాడు.

"చూడండి. చల్లగా లేదూ? ఎండాకాలం కూడా ఇలాగే ఉంటుంది. పైన ఎంత కాగినా దీనికి తెలియదు."

షావుకారు వంగి చెంప పెట్టాడు. తెల్లటి చెంప మీద నల్లటి బురద అంటింది. తుడుచుకోలేదు. ఆ ఇద్దరి మొహాలూ ఒకేలా ఉన్నాయి ఆ క్షణాన, ఇద్దరి చెంపలకూ కొల్లేటి అడుగు బురద. బావ మొహంలో ఉన్న సంతోషం ఆయన తల తినేటప్పుడు తప్ప నేనెప్పుడూ చూడలేదు.

వాళ్ళను గట్టున దింపేసి తిరిగి వచ్చాం. లంక కనిపించేసరికి గెడ ఆగింది.

"నేనేం చేశానురా?" అన్నాడు.

"చోటు చెప్పావు బావా," అన్నాను. "తల నీదే."

శివరాత్రి వెళ్ళేలోపే గుంట చుట్టూ తడికలు దిగాయి. కాపలావాళ్ళు మంచె కట్టుకున్నారు. వంతు వచ్చిన ఇంటివాళ్ళు మావు పట్టుకుని వెళ్ళి, మంచె మీదవాళ్ళను చూసి తిరిగి వచ్చారు. పెద్దలు మళ్ళీ కూర్చున్నారు. చోటు ఎవరు చెప్పారని ఎవరూ అడగలేదు. నన్ను పిలిచి, ఎందుకు చెప్పావని అడిగారు. నోరున్నవాడే చెప్పి ఉంటాడు కదా. నేను చెప్పలేదన్నాను. మరెవరు చెప్పారన్నారు. ఆ దోనె మీద మా లంకవాళ్ళం ఇద్దరమే. ఒకడు పుట్టుకతో వాగుడుకాయ, రెండోవాడు పెళ్ళిలో కూడా పిలిస్తేగానీ పలకనివాడు. జనంలో వెనక అక్క నిలబడి ఉంది. నేను బావ వంక చూశాను. ఆయన స్తంభానికి ఆనుకుని కూర్చుని గెడ కొసకు ఎండిన బురదను గోరుతో గీకుతున్నాడు. ఆయన నోరు తెరుస్తాడని ఎదురుచూశాను. బురద ఎంత గీకాడంటే గెడ పై పొర లేచి వచ్చింది. నోరు మాత్రం రాలేదు.

సముద్రానికి పోతుందన్న నా అబద్ధం గురించి చెప్పబోయాను. నా అంత చక్కగా అబద్ధం ఎవరూ ఆడలేదు, షావుకారు నమ్మాడు, తడికలు ఉప్పుటేటికి పోవాల్సినవి, అన్నాను. ఎవరో నవ్వారు. ఇంకా కోతలేనా అన్నారు. ఆ రోజు నుంచి నా దోనెకు జత రావడానికి మనిషి లేడు. నేను వల వేసిన పక్కన ఎవరూ వల వేయలేదు. కులపెద్ద ఎదురొస్తే ఉమ్మేసి పక్కకు తప్పుకునేవాడు.

అక్క ఒక్కతే నా తరఫున నిలబడింది. నీళ్ళరేవులో ఆడవాళ్ళు నా గురించి ఏదో అంటే, "మా తమ్ముడు కోతలు కోస్తాడు గానీ చోటు చెప్పడు. మా ఆయన అసలే చెప్పడు. కిక్కిసకి నోరొచ్చి చెప్పుంటుంది, పోయి దాన్నడగండి," అందిట.

ఆ ఎండాకాలం మా లంకలో పిల్లలు తామరదుంపలు తిని బతికారు. ముసలివాళ్ళు కొందరు బతకలేదు. షావుకారు మనుషులు గుంటలోవి గుడ్డుతో ఉన్నవీ లేనివీ అన్నీ తీశారు. మృగశిరకు ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు గీత దగ్గర నిలబడి మూతి పెట్టడానికి వాలుగల్లో పెద్దగా ఎవరూ మిగల్లేదు.

బావ అప్పటికే వెళ్ళిపోయాడు. కాకినాడలో సముద్రం దాటి రంగం పోయే ఓడకు కూలిమనుషుల్ని పోగుచేస్తున్నారని తెలిసి, అక్కకు చెప్పకుండా, గెడ చూరులో దోపి, నడిచి వెళ్ళిపోయాడు. ఇలాంటి బావమరిది ఉన్నందుకు సిగ్గుపడి వెళ్ళాడని ఊరంతా అంది. పాపం మంచివాడు, ఒక్క మాట అనకుండా వెళ్ళాడన్నారు. ఒక్క మాట అనకుండా వెళ్ళిన మాట నిజమే.

పాదిరీ గారి బడిలో నేర్చుకున్న నాలుగక్షరాల పుణ్యమా అని నాకు ఈ లాకు పని దొరికింది. సెలవు దొరికితే అక్క ఇంటికి వెళ్ళేవాణ్ణి. అక్క షావుకారు పాకలో చేపలు కోసి ఉప్పు పట్టించే కూలికి వెళ్ళేది. రంగం నుంచి తిరిగి వచ్చినవాడొకడు, బావ బియ్యం మిల్లులో బస్తాలు మోస్తున్నాడని చెప్పాడు. ఆ ఒక్క మాట మీద ఆమె ఏళ్ళు గడిపింది. బొట్టు పెద్దది పెట్టుకునేది. చూరులో గెడను వారానికోసారి దించి, తుడిచి, నూనె రాసి మళ్ళీ పెట్టేది. ఆయన వచ్చేసరికి చెద పట్టకూడదనేది.

ఒకసారి నేను వెళ్ళేసరికి పొయ్యి మీద పులుసు ఉడుకుతోంది. పొయ్యిగడ్డ పక్కన వాలుగ తోలు, ఎముకలు. మా ఇంట్లో వాలుగ వండి ఎన్నాళ్ళైందో. ఎక్కడిదని అడిగితే, గుమాస్తా ఇచ్చాడంది. నాకు విస్తరి వేసింది. అన్నం పెట్టింది. పులుసు గిన్నె పక్కన పెట్టుకుని, గరిటె అందులోనే ఉంచి కూర్చుంది.

"గుమాస్తా ఏమన్నాడో తెలుసా?" అంది. "మీ ఆయన పెద్దమనిషమ్మా, ఆయన చోటు చూపించబట్టే మా షావుకారు నిలదొక్కుకున్నారు, ఇది ఆయనింటికి, అన్నాడు. పాకలో అందరి ముందూ అన్నాడు."

నేను అన్నం కలుపుతున్నాను, పులుసు లేకుండానే.

"అబద్ధం కదరా?" అంది. "వాడు అబద్ధమాడుతున్నాడు కదూ?"

ఆమె నా మొహం వంక చూడలేదు. నేను చూరు వంక చూశాను. నూనె రాసిన గెడ నల్లగా మెరుస్తోంది. కొస దగ్గర, ఆ రోజు ఆయన గీకిన చోట, పొర లేచి తెల్లగా ఉంది. అక్కడ కూడా నూనె రాసింది.

"వాడికేం తెలుసక్కా," అన్నాను. "గొడుగు పట్టుకుని వెనక కూర్చున్నవాడు. చెప్పింది నేను. చాప మీద చోటిస్తే కూర్చుని చెప్పేశాను. బావ వద్దంటూనే ఉన్నాడు. నేను చెప్పిన చోట గెడ దింపాడు, అంతే. గెడ దింపినవాణ్ణి చూసి వాడు అలా అనుకున్నాడు."

ఎన్నో అబద్ధాలాడాను. కరణాలు తగువులాడుకున్నారన్నాను, చేప చెట్టెక్కిందన్నాను. వినేవాళ్ళు కనీసం "నిజమేనా?" అని నవ్వుతూ అడిగేవాళ్ళు. అక్క అడగలేదు. నా మీద నమ్మకం ఉన్న మనిషి ఈ భూమ్మీద ఒక్కతే, ఆమె కాస్త ఆగి ఒక్కసారి అనుమానిస్తుందేమో, "నువ్వు కాదు, నాకు తెలుసు," అంటుందేమో అనుకున్నాను. ముందు ఆమె భుజాలు దిగాయి, బరువు దించుకున్న కూలిమనిషిలాగా. ఊరట. ఆ తరవాత వచ్చిన అసహ్యాన్ని భరించగలిగాను గానీ, ముందొచ్చిన ఆ ఊరట నన్ను ఇప్పటికీ పొడుస్తుంది.

ఆమె గరిటె తిప్పి, గిన్నె అడుగు నుంచి తల పైకి తీసింది. పెద్ద తల. మీసాలు ఉడికి వేలాడుతున్నాయి. నా విస్తట్లో వేసింది, అన్నం మధ్యలో.

"తిను," అంది. "చోటు చెప్పినవాడికే కదా తల."

లేచి బయటికి వెళ్ళి వాకిట్లో కూర్చుంది, నా వైపు వీపు పెట్టి.

జన్మలో నాకు దక్కిన తల అది ఒక్కటే. బావ తిన్నట్టే తిన్నాను. దవడ ఎముకలు ఒక్కొక్కటీ విడదీసి, చప్పరించి, విస్తరి అంచున వరసగా పేర్చాను. ఉప్పు తగ్గింది. అడగలేదు.